బ్యాటరీ గది నుంచి పిలుపు

ఫిబ్రవరి 9, ఆదివారం

చిన్నమ్మాయీ,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం నాకు ఏనాడూ చేతకాలేదు. అవతలివారి కుశలం తెలియకుండానే ‘ఉభయ’ అని రాసేయడం, అన్నేళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదానికి తగిన పని కాదు. నా సంగతి మాత్రం చెప్పగలను: బాగున్నాను. నీ సంగతి నువ్వు చెప్పాలి. మోకాలి గురించి రెండు పేజీలు రాశావు గాని, ఆ మోకాలికి పైన ఉన్న మనిషి ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు.

“ఆదివారాలు ఆ మ్యూజియంలో ఏం చేస్తారు వదినా, టికెట్లు చింపుతారా?” అని అడిగావు. టికెట్లు చింపడానికి వేరే మనిషి ఉన్నాడు. నేను అక్కడ రేడియో కేంద్రం నడుపుతాను. పాటలు వేసే రేడియో కాదు. లైసెన్సు తీసుకున్న మామూలు మనుషులు, ఎక్కడో ఉన్న తమలాంటి మనుషులతో, కేవలం ఇష్టం కొద్దీ మాట్లాడుకునే రేడియో. మీ అన్నయ్య ఉన్న రోజుల్లో మా డాబా మీద ఒక పొడుగాటి తీగ కట్టి ఉండేది, నీకు గుర్తుండాలి. “బట్టలారేసుకోవడానికి లేదు, పీకి పారేయడానికి లేదు” అని ఆయన విసుక్కునేవారు. ఆ తీగ చేసే పనే ఇది.

మ్యూజియం ఒకప్పటి తంతి కార్యాలయం. ముందు గదుల్లో పాత అచ్చుయంత్రం, తూకపు రాళ్ళు, గోడ గడియారాలు ఉంటాయి. అన్నిటికీ వెనక బ్యాటరీ గది. గాజు జాడీల్లో ఆమ్లం పోసి కరెంటు నిలవచేసిన గది అది. నేల బండల మీద ఆమ్లం తిన్న మచ్చలు ఇంకా ఉన్నాయి. అక్కడ నా బల్ల, రేడియో, మైకు, గోడకు ప్రపంచపటం, మాతో మాట్లాడినవారు పోస్టులో పంపిన కార్డులు. లైసెన్సు ఉన్నవారు గదిలో లేకుండా రేడియోలో మాట్లాడకూడదని చట్టం. ఆ లైసెన్సు నాకూ, గడియారాలు బాగుచేసే మేస్త్రీగారికీ ఉండేది. మేస్త్రీగారు కిందటేడు చనిపోయారు. ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఈరోజు ఒక పెద్దమనిషి గుమ్మంలోనే నిలబడి అడిగాడు: “చేతిలో ఫోనుండగా ఇదంతా ఎందుకండీ?”

“ఫోనులో మీకు తెలిసినవాళ్ళతోనే మాట్లాడతారు. ఇందులో ఎవరు పలుకుతారో తెలియదు” అన్నాను.

“తెలియనివాళ్ళతో మాట్లాడటానికేముంటుంది?”

“ఇప్పుడు మీరు నాతో మాట్లాడుతున్నారు కదా.”

ఆయన నవ్వలేదు. ఆయన భార్య నవ్వింది. సరిగ్గా అప్పుడే సముద్రం మధ్య ఒక ద్వీపంలో దీపస్తంభం చూసుకునే మనిషి పలికాడు. అక్కడ వాన పడుతోందని చెప్పాడు. అంతే. ఆ పెద్దమనిషి వెంటనే కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. ఆ చూపు కోసమే నేను వెళ్తాను.

ఒక విషయం చెప్పాలి. నడిపించే ట్రస్టు వారికి కొత్త ఆలోచన వచ్చింది. రేడియో స్థానంలో ఒక పెట్టె పెడతారట. బొత్తాం నొక్కితే రికార్డు చేసిన సంభాషణ వినిపిస్తుంది. అందులో నా గొంతే వాడుకుంటామన్నారు. నన్ను తీసేసి నా గొంతును ఉంచుకుంటారన్నమాట. ఏప్రిల్లో కమిటీ వచ్చి, నేను చేసేది చూసి, తేలుస్తుంది. ఆ కుర్చీ పోతే నా ఆదివారాలు ఏమవుతాయన్నది నేను ఆలోచించదలచుకోలేదు. ఇది నీ జాలి కోసం రాయలేదు. విషయం కనుక రాశాను.

మీ అల్లుడు పాత రిసీవరు కొన్నాడని రాశావు. సంతోషం. ఆదివారం పదకొండు దాటాక ముల్లును ఇరవై మీటర్లు అని రాసి ఉన్నచోట పెట్టి చూడు. వినిపించవచ్చు.

ఆశీస్సులతో,
వదిన


ఫిబ్రవరి 25

వదినగారికి చిన్నమ్మాయి నమస్కారాలు.

అరవై తొమ్మిదేళ్ళ దాన్ని పట్టుకుని చిన్నమ్మాయీ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో మీరొక్కరే మిగిలారు. మా మనవరాలు కవరు మీద ఆ మాట చూసి, “ఈ ఉత్తరం నాకా అమ్మమ్మా?” అంది.

మోకాలికి పైన ఉన్న మనిషి బాగానే ఉంది. వేళకి తింటోంది, వేళకి మాత్రలు మింగుతోంది. ఇంతకంటే హెడ్ నర్సుగా చేసినదాన్ని అడగడానికేం లేదు.

రిసీవరు హాల్లో కిటికీ దగ్గర పెట్టారు. అల్లుడు తీగ లాగి బయట గ్రిల్లుకి కట్టాడు. మొదట్లో అంతా బాతుల అరుపే. తర్వాత ఒక చిన్న మీట చూపించి, “అత్తయ్యగారూ, దీన్ని మెల్లగా తిప్పితే బాతు మనిషవుతుంది” అన్నాడు. నిజంగానే అయింది. ఎవరో ఎక్కడివాడో తెలియదు, పకపకా నవ్వుతున్నాడు. ఇంకొకాయన తన పేరులో అక్షరాలు విడివిడిగా చెప్పుకుంటూ పోయాడు. అందరూ వినబడ్డారు, వదినా. మీరు తప్ప.

మీరు చెప్పిన వేళకే కూర్చున్నాను. ఆ ఆదివారం, ఆ తర్వాతి ఆదివారం కూడా. గ్యాస్ స్టవ్ మీద పాలు పొంగి, అమ్మాయి చేత చీవాట్లు తిన్నాను గాని అక్కణ్ణుంచి లేవలేదు. మీ గొంతు లేదు.

ఇక దాచుకోకుండా అడుగుతున్నాను. వాళ్ళు మిమ్మల్ని అప్పుడే తీసేశారా? తీసేస్తే తీసేశారని చెప్పండి. నా దగ్గర చిన్నతనమేముంది? మీకిది కొత్తా? అన్నయ్య చనిపోయిన ఏడాది మీరు మణికట్టు విరగ్గొట్టుకుని, ఎడంచేత్తో నాకు ఉత్తరం రాసి, అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయేమని అడిగితే “పెన్ను బాగోలేదు” అన్నారు. కట్టు విప్పాక గాని నాకు తెలియలేదు. పెన్నుకి కట్టు కట్టడం నేనెక్కడా చూడలేదు.

ఎందుకొచ్చిన పట్టింపులు? ఇక్కడికి వచ్చేయండి. హాల్లో దివాను ఉంది, నా మంచం పక్కనే. మీ ఒంట్లో ఎలా ఉందో ఏమో, నేను చూసుకుంటాను.

చిన్నమ్మాయి


మార్చి 8

చిన్నమ్మాయీ,

నీ ఉత్తరం చదివి కొంతసేపు కోపంగా ఉన్నాను. తరువాత, విషయం తెలియనివారి మీద కోపం ఉపాధ్యాయురాలికి తగదని గుర్తు తెచ్చుకుని ఇది రాస్తున్నాను.

నన్ను ఎవరూ తీసివేయలేదు. నువ్వు చెప్పిన ఆ రెండు ఆదివారాలూ నేను నా కుర్చీలోనే ఉన్నాను. దీపస్తంభం మనిషితోనూ, ఎడారిలో బావులు తవ్వే ఇంజినీరుతోనూ మాట్లాడాను. నీకు వినబడకపోవడానికి కారణం నా గొంతు కాదు, నీ చెవి కాదు. నువ్వు నాకు మరీ దగ్గరగా ఉండటం.

తోటకు నీళ్ళు పట్టే గొట్టం చూశావు కదా. చివర వేలితో నొక్కి పైకెత్తి పట్టుకుంటే నీటిధార వంపు తిరిగి దూరాన ఉన్న మొక్కల మీద పడుతుంది. గొట్టం పట్టుకున్నవాడి కాళ్ళ దగ్గరి మొక్కకు చుక్క అందదు. నా మాట కూడా అంతే. పైకి వెళ్ళి, ఆకాశంలో ఎత్తున ఉన్న ఒక పొరకు తగిలి, వంగి, ఎంతో దూరాన దిగుతుంది. మధ్యలో ఉన్న ఊళ్ళ మీదుగా గెంతేస్తుంది. రైలులో ఒక పగటి ప్రయాణం దూరాన ఉన్న నువ్వు ఆ గెంతు కింద ఉన్నావు. నీ పైనుంచి వెళ్ళిపోతున్నాను.

ముల్లును నలభై మీటర్ల దగ్గర పెట్టి, నేను కూడా అక్కడికి దిగితే నీకు వినబడే అవకాశం ఉంది. ఆ తరంగాలు పొరను నిట్టనిలువుగా తాకి, తిరిగి దగ్గరి ఊళ్ళలోనే పడతాయి. కాని మ్యూజియంలో నేను ఎప్పుడూ ఇరవైలోనే ఉంటాను. దూరదేశం పలికితేనే చూడవచ్చినవారు నోరు తెరుస్తారు. దగ్గరివాళ్ళు పలికితే ఎవరూ ఆశ్చర్యపోరు.

దివాను సంగతి. నీ మంచితనానికి కృతజ్ఞురాలిని. కాని ఒంట్లో బాగోలేదని నేను ఎక్కడా రాయలేదు. నా ఇంటి తాళం నేను తీసుకుంటున్నాను, నా అన్నం నేను వండుకుంటున్నాను, నా మెట్లు నేను ఎక్కుతున్నాను. ఇంకొకరి హాల్లో సామానుగా చేరవలసిన అవసరం ఇంకా రాలేదు.

మణికట్టు విషయంలో పెన్ను కూడా బాగోలేదన్నది నిజమే.

వదిన


మార్చి 20

వదినగారికి,

సామాను అన్న మాట నాకు గుచ్చుకుంది. మీరు నా గురించి అనలేదని నాకు తెలుసు. అయినా ఈ హాల్లో ఉన్నది నేనే కదా.

మీ గొట్టం కథ అల్లుడికి చదివి వినిపించాను. అతను నవ్వి, “ప్రపంచమంతా వినబడి పక్కవాళ్ళకి మాత్రం వినబడదా అత్తయ్యగారూ? మీ వదినగారు లెక్చరరు, సుద్దముక్క చేతికిస్తే ఏదైనా నిరూపిస్తారు” అన్నాడు. నేను మీ పక్షానే మాట్లాడాను. మాట్లాడానే గాని మనసు ఊరుకోలేదు. మా వార్డులో “నాకేం లేదు సిస్టర్, నాకేం లేదు” అన్నవాళ్ళనే ముందు స్ట్రెచరు ఎక్కించేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు.

చెప్పేస్తున్నాను, తిట్టండి. మీ మ్యూజియంకి ఫోను చేశాను.

క్యూరేటరుట, కుర్రగొంతు. “రేడియో నడిపే పెద్దావిడ ఉన్నారా బాబూ?” అని అడిగాను.

“ఉన్నారండి. ప్రతి ఆదివారం వస్తారు. మా అందరికంటే ముందే వస్తారు. మీరెవరు?”

“ఆవిడ ఆడపడుచుని.”

“ఏమైనా చెప్పాలా అండి?”

అక్కడ ఊరుకుని ఫోను పెట్టేస్తే ఎంత బాగుండేది. మీరు బాగున్నారని తెలిసింది, చాలు. కాని నా నోరు సంగతి మీకు తెలుసుగా, తాళం వేస్తే కిటికీలోంచి దూకుతుంది. “చూడు బాబూ, ఆవిడ కిందపడినా ఎవరికీ చెప్పే మనిషి కాదు. చెయ్యి విరిగినా పెన్ను విరిగిందంటుంది. తలుపేసుకుని ఒక్కత్తినీ కూర్చోనివ్వకండి. ఎవరైనా ఓ కంట కనిపెట్టి ఉండండి” అన్నాను. అతను ఎంతో మర్యాదగా, “తప్పకుండా అండి, రాసిపెట్టుకుంటాను” అన్నాడు.

మంచి చేశానో చెడు చేశానో ఫోను పెట్టేశాక అర్థం కాలేదు. మీ గెంతు నిజమేనని ఒప్పుకుంటున్నాను. కమిటీ ఏ రోజు వస్తుందో రాయండి.

చిన్నమ్మాయి


ఏప్రిల్ 2

నీ ఉత్తరం నన్ను చేరకముందే నీ ఫోను పని చేసింది.

క్యూరేటరు నన్ను తన గదికి పిలిచి, కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించాడు. మంచినీళ్ళు ఇప్పించినప్పుడే అనుమానించాను. వయసు మళ్ళిన కార్యకర్తలు గదిలో ఒంటరిగా పనిచేయరాదని, వెంట మరొక మనిషి ఉండి తీరాలని ట్రస్టు నిర్ణయించిందట. ‘కార్యకర్తలు’ అన్నది గౌరవ బహువచనం. అక్కడ వయసు మళ్ళినది నేనొక్కదాన్నే.

“నేను ఎప్పుడైనా పడ్డానా? మీకు ఎప్పుడైనా ఇబ్బంది కలిగించానా?” అని అడిగాను.

“లేదు మేడమ్. కాని మీ ఇంట్లోవాళ్ళే భయపడుతున్నారు కదా.”

“మా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నేను భయపడుతున్నట్టు మీతో ఎవరు చెప్పారు?”

అతను కాగితాలు సర్దుకున్నాడు. చెడ్డవాడు కాదు. రేపు నాకేమైనా అయితే, ముందే హెచ్చరించినా పట్టించుకోలేదని తన మీదికి వస్తుందని అతని భయం. ఆ భయాన్ని అతని చేతిలో పెట్టింది నువ్వు.

ప్రస్తుతానికి గేటు దగ్గరి కాపలా మనిషిని నా గదిలో కూర్చోబెడుతున్నారు. పాపం, అతనికి రాత్రి కూడా ఎక్కడో పని. మూలనున్న స్టూలు మీద కూర్చోగానే కునుకు తీస్తాడు. కిందటి ఆదివారం అతను పక్కకు ఒరిగి పడబోతే భుజం పట్టుకుని ఆపాను. నన్ను కాయడానికి వచ్చినవాడిని నేను కాశాను. చూడవచ్చినవాళ్ళు అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఆ గదిలో గొంతు తగ్గించుకోవలసిన పరిస్థితి ఏనాడూ లేదు.

నా జీవితంలో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అది అహంకారమని మీ పుట్టింట్లో అందరూ అనుకున్నారు. నువ్వు ఒక్కదానివే అనుకోలేదని ఇన్నాళ్ళూ భావించాను. మొదట నేను అబద్ధమాడుతున్నానని అనుమానించావు. తరువాత నన్ను రోగిని చేశావు. ఇక మిగిలింది దివాను.

కమిటీ వచ్చేది ఏప్రిల్ పదహారు, బుధవారం, పదకొండు గంటలకు. అడిగావు కనుక రాశాను.

ఇట్లు,
మ్యూజియం రేడియో కేంద్రం నిర్వాహకురాలు


ఏప్రిల్ 17

చిన్నమ్మాయీ,

నీకు రాయకూడదని అనుకున్నాను. ఇంకెవరికి రాయాలో ఆలోచించాను. తేలలేదు.

నిన్న కమిటీ వచ్చింది. నలుగురు. అధ్యక్షుడు విశ్రాంత ఇంజినీరు, వంతెనలు కట్టినవాడు. బండల మీది ఆమ్లపు మచ్చలు చూసి ముచ్చటపడ్డాడు. నాకు ఆశ కలిగింది. రేడియో పెట్టాను. ఇరవై మీటర్లలో ఒక్క గొంతు లేదు. మొన్న సూర్యుడి మీద రేగిన తుఫాను నిన్నటికి మనల్ని చేరిందని తరువాత తెలిసింది. అలాంటప్పుడు పైనున్న పొర చిరిగిన చాపలాగా అయిపోతుంది. నా మాట తిరిగి కిందికి రాదు, అట్నుంచి అటే వెళ్ళిపోతుంది.

నలభైకి దిగాను. అక్కడ కనీసం చుట్టుపక్కల వాళ్ళెవరైనా ఉంటారనుకున్నాను. బుధవారం పట్టపగలు, ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళుంటారు. “సీక్యూ, సీక్యూ, వినేవారెవరైనా పలకండి” అని రేడియోవాళ్ళ పద్ధతిలో పిలిచాను. పిలిచి, ఆగి, విని, మళ్ళీ పిలిచాను. ఎదురుగా నలుగురు నిలబడి ఉండగా జవాబు లేని పిలుపు పిలవడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. నిండు తరగతిలో ప్రశ్న వేస్తే ఒక్క చెయ్యీ లేవనప్పుడు కూడా అలా ఉండేది కాదు. అక్కడ కనీసం తలలు వంచుకునేవారు.

క్యూరేటరు నా చెవి దగ్గరికి వంగి, “పాత రికార్డింగు ఉంది కదా మేడమ్, స్పీకర్లో వేసేద్దాం. వారికేం తెలుస్తుంది?” అన్నాడు. మంచికే అన్నాడు.

“నాకు తెలుస్తుంది” అన్నాను.

టీ తాగాక తీర్మానం చెప్పారు. బొత్తాం పెట్టె వస్తుంది. నెలకు ఒక్కరోజు, మొదటి ఆదివారం, నేను రేడియో నడుపుకోవచ్చు. అయితే నా వెంట ఉండే రెండో మనిషిని నేనే తెచ్చుకోవాలి. కాపలా మనిషిని ఇక ఇవ్వరు. ఎవరూ లేకపోతే అదీ లేదు. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి. నాకు తోడు పట్టుకుని వచ్చే అలవాటు లేదని అక్కడికక్కడే చెప్పేశాను. తాళం చెవి అప్పుడే ఇవ్వబోయాను. నెలాఖరు దాకా ఉంచుకోమన్నారు.

ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. అది కొత్త కాదు. వారంలో ఆరు రోజులు అలాగే గడుస్తాయి. ఏడో రోజు మాట్లాడటానికి ఒక చోటు ఉందని తెలిసినప్పుడు ఆ ఆరూ బరువుగా ఉండేవి కావు. ఇప్పుడు బరువు తెలుస్తోంది.

దీనికి జవాబు రాసి నన్ను ఓదార్చవద్దు.

వదిన


ఏప్రిల్ 17

వదినా,

మీ కోపం పోయిందో లేదో నాకు తెలియదు. పోకపోయినా ఈ ఉత్తరం చదవండి. చదివాక చింపేయండి.

నిన్న మీరు నాకు వినబడ్డారు.

బుధవారమని గుర్తుపెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. పదకొండు కాకముందే కూర్చున్నాను. ఇరవైలో ఉత్త హోరు. బాతులు కూడా లేవు. మీరు చెప్పిన నలభై గుర్తొచ్చి ముల్లు అటు జరిపాను. జరుపుతుండగా మీ గొంతు. చిన్న మీట తిప్పేదాకా కూడా ఆగలేదు, బాతుగా ఉండగానే మీరని తెలిసిపోయింది. “వినేవారెవరైనా పలకండి” అంటున్నారు. క్లాసులో పిల్లల్ని అడిగినట్టే. మీకు జలుబు చేసింది. ‘మ’ అనాల్సినచోట ‘బ’ అంటున్నారు.

పలికాను వదినా. “ఉన్నాను, నేనున్నాను, చిన్నమ్మాయిని” అని ఆ పెట్టె దగ్గర నోరు పెట్టి అరిచాను. పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది, ఏమైందని. ఆ పెట్టెకి చెవులే గాని నోరు లేదని నాకు తెలియక కాదు. తెలిసీ అరిచాను. ఫోను చేద్దామని లేచాను గాని మొన్న ఫోను చేసినందుకు ఏమైందో గుర్తొచ్చి, చెయ్యి ఆగిపోయింది.

ఒకసారి మీరు మైకు కట్టేయడం మరిచినట్టున్నారు. ఎవరో మగగొంతు, “ఎంతసేపమ్మా? అవతల ఎవరూ లేరు కదా” అనడం వినబడింది. మీరు, “లేరని మీకెలా తెలుసు? వినేవాళ్ళందరూ పలకలేరు” అన్నారు. తర్వాత టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ పిలుస్తారేమోనని సాయంత్రం వాళ్ళంతా ఇంటికొచ్చేదాకా ఆ హోరు ముందే కూర్చున్నాను.

ఇప్పుడు నిజం రాస్తాను. ఈ ఇంట్లో నన్ను ఎవరూ మాటనరు. పొద్దున్నే అందరూ వెళ్ళిపోతారు. వచ్చాక ఎవరి గది తలుపు వాళ్ళది. నాకు తలుపు లేదు, హాలు కదా. ఎవరైనా మంచినీళ్ళకి వస్తే, “ఇంకా పడుకోలేదా?” అని అడిగి పోతారు. ఆదివారాలు ఆ పెట్టె ముందు కూర్చుంటే మాత్రం నన్నెవరూ ఏమీ అనరు, అమ్మమ్మ రేడియో వింటోంది అంటారు. మీరు వినబడకపోయినా ఆ హోరులో ఎక్కడో ఉన్నారని కూర్చునేదాన్ని. మిమ్మల్ని రమ్మన్నది మీ ఒంట్లో బాగోలేదని కాదు. నాకు బాగోలేదు. అలా రాయడానికి సిగ్గేసి, మీ మీదికి నెట్టాను.

క్షమించమని అడగను, మీకు ఆ మాట నచ్చదు. జలుబుకి వేడినీళ్ళ ఆవిరి పట్టండి.

మీ చిన్నమ్మాయి


ఏప్రిల్ 22

చిన్నమ్మాయీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది చదివి ఉంటావు. నీది నేను చదివాను.

వినికిడి నివేదికకు ఒక పద్ధతి ఉంది. ఏ గంటకు విన్నదీ, ధ్వని ఎంత బలంగా ఉన్నదీ రాయాలి. నువ్వు రెండూ రాయలేదు. జలుబు చేసిందని రాశావు. నాతో మాట్లాడిన ఏ దేశమూ నాకు అలాంటి నివేదిక పంపలేదు. జలుబు నిజమే. ఎదుట నిలబడ్డ నలుగురిలో ఎవరూ గమనించలేదు. ఆవిరి పట్టాను.

నీ ఉత్తరం అధ్యక్షుడికి చూపిస్తే తీర్మానం మారవచ్చు. చూపించను. అది నాకు రాసినది.

నిన్న సోమవారం క్యూరేటరు దగ్గరికి వెళ్ళాను. మొదటి ఆదివారాలు నేను నడుపుతానని చెప్పాను. అతను కాగితం తీసి, “మీ వెంట ఉండే రెండో మనిషి ఎవరు మేడమ్?” అని అడిగాడు.

“మా ఆడపడుచు.”

“ఆవిడ ఒప్పుకున్నారా?”

“మీకు ఫోను చేసింది ఆవిడే. బాధ్యత తెలిసిన మనిషి. ఆసుపత్రిలో వార్డు నడిపింది.”

అతను రాసుకున్నాడు. నిన్ను అడగకుండా నీ పేరు ఇచ్చాను. నన్ను అడగకుండా నువ్వు ఫోను చేశావు. చెల్లుకు చెల్లు.

మే నాలుగున ఆదివారం. శనివారం పగటి బండి ఎక్కితే చీకటి పడేలోగా దిగుతావు. మా ఇంట్లో ముందుగదికి తలుపు ఉంది. లోపలినుంచి గడియ కూడా పడుతుంది. వేసుకుంటావో, తీసి ఉంచుతావో నీ ఇష్టం. నెలకు ఎన్నాళ్ళు ఉంటావన్నది నువ్వూ మీ అమ్మాయీ తేల్చుకోవలసిన విషయం, నేను అందులో తలదూర్చను. నీకు లైసెన్సు లేదు కనుక మైకు ముట్టుకోకూడదు. గదిలో ఎంతైనా మాట్లాడవచ్చు. ఆ విషయంలో నిన్ను ఆపగల చట్టం ఇంకా రాలేదు.

నువ్వు రాకపోతే ఆరోజే తాళం చెవి ఇచ్చేస్తాను. ఇది బెదిరింపు కాదు, సమాచారం.

దీనికి జవాబు రాయకు. అది చేరేసరికి ఆదివారం దాటిపోవచ్చు. పిలిచి, ఆగి, వినడం నాకు అలవాటే. ఈసారి పిలిచింది నిన్నొక్కదాన్నే కనుక, కొంచెం భయంగా ఉంది.

నీ వదిన